హైటెక్ సిటీయు మన గ్రామములును



ఈ సాయంకాలము మీతో మాటాడుటకు నాకు ఈయబడిన విషయము పేరునకు క్రొత్తది; సంగతి మాత్రము మీరందఱును ఎఱిగినదే. చదువుకొన్నవారు దీనిని 'డిజిటలు అంతరము' అనుచున్నారు. కంప్యూటరు, ఇంటర్నెట్టు, స్మార్టుఫోను మున్నగు సాధనములు చేతికి అందినవారికిని, అందనివారికిని నడుమ ఏర్పడిన ఎడమునకు అది పేరు. ఈ ఎడమును తగ్గించుటకు ప్రభుత్వములు ఇంతవఱకు ఏమేమి చేసినవి, వానిలో ఏది ఫలించినది, ఏది ఫలింపలేదు, ఇక మనము ఏమి అడుగవలయును, మనమై ఏమి చేసికొనవలయును అను సంగతులను నాకు తెలిసినంతలో విన్నవించెదను.

నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. పాలమూరు సీమలోని యొక పల్లెలో 34 సంవత్సరములు బడిపంతులుగా ఉంటిని. పని విరమించిన పిదప సగము సంవత్సరము హైదరాబాదునకు పడమట నున్న మాదాపురములో కుమారుని యింటను, సగము సంవత్సరము ఊరిలోను గడపుచున్నాను. కావున ఏటికి రెండు ఒడ్డులను చూచుచున్నాను. ఈ విషయమున మాటాడుటకు నాకు గల అర్హత అంతమాత్రమే.

మొదట ఆ మాదాపురమును గుఱించి చెప్పెదను. అది మొన్నమొన్నటివఱకు గుండ్రాళ్లతోను, ముళ్లపొదలతోను నిండిన మెట్టనేల. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు అక్కడ 'సైబర్ టవర్సు' అను మేడను ప్రారంభించిరి. అప్పుడు నారా చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రి. ఆ మేడయే హైటెక్ సిటీకి మూలము. ఆ యేడే గచ్చిబౌలిలో ట్రిపుల్‌ఐటీ విద్యాసంస్థ నెలకొనెను. మైక్రోసాఫ్టువారు నగరములో తమ అభివృద్ధి కేంద్రమును తెఱచిరి. క్రమముగా కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వఱకు మేడలు లేచి, ఆ సీమకంతకు సైబరాబాదు అను పేరు నిలిచిపోయినది. 2022-23 సంవత్సరములో తెలంగాణనుండి ఎగుమతి అయిన సాఫ్టువేరు మున్నగు సేవల విలువ 2,41,275 కోట్ల రూపాయలు. ఆ రంగములో పనిచేయువారు 9 లక్షలకు పైబడిరి. వారిలో మన పల్లెల బిడ్డలు అనేకులు కలరు. ఇది మనము సంతోషింపదగిన సంగతి. నేను దీనిని చిన్నచూపు చూచువాడను కాను.

అయితే ఆ మేడలకు రాయి మోసినవారు, ఇసుక జల్లించినవారు ఎవరు? చాలవఱకు వలసవచ్చిన కూలీలు. పాలమూరు కూలీ అనిన దేశమంతట ఎఱుగుదురు. ఎన్నో ఆనకట్టలకును, కాలువలకును వారి చెమట ధారపోయబడినది. మా యూరినుండియు కొన్ని కుటుంబములు అప్పుడు మాదాపురమునకు పోయెను. ఆ పోయినవారిలో నాకంటె నాలుగేండ్లు పెద్దయైన యొక స్త్రీ కలదు. నేను ఆమెను అక్కా అని పిలుతును. భర్త గతించిన పిదప ఆమె ఊరికి తిరిగివచ్చి, వృద్ధాప్యపు పింఛనుపై జీవించుచున్నది.

కొన్నాళ్ల క్రిందట ఆమె మా యరుగుమీదికి వచ్చి కూర్చుండి యిట్లనెను: "సారూ, మూడు నెలలాయె, పింఛను రాలే. ఏలు పెడితే మిషన్ల పడతలేదంటున్నరు. అరిగిపోయిందట. ఊర్ల అందరు నన్నెరుగుదురు, మిషనుకే ఎరుక లేదట." నేను ఆమె చేతిని పట్టి చూచితిని. బొటనవ్రేలు ఏటిలోని గులకరాయివలె నున్నగా ఉండెను. సిమెంటును, ఇటుకలను ఏండ్లతరబడి మోసిన చేయి అది.

మఱునాడు ఆమెను వెంటబెట్టుకొని పోయి విచారించితిని. వ్రేలిముద్ర పడనివారికి పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణముపై పైకము చెల్లించు మార్గము నియమములలోనే కలదని తెలిసెను. ఆ మాట ఆమెకు ఎవరును చెప్పలేదు. అడుగవచ్చునని ఆమెకు తెలియదు. పైకము చేతికి వచ్చినది. కాని అంతలోపలనే ఆమె మందుల కొఱకును, గింజల కొఱకును తన పెండ్లినాటి వెండి కడియములను అమ్ముకొనెను. అవి తిరిగి రాలేదు.

ఇందు నా తప్పును కలదు. ఆ మూడు నెలలలో ఒక నెల నేను ఊరిలోనే ఉంటిని. ప్రతి ఉదయమును అరుగుమీద కూర్చుండి ఫోనులో వార్తలు చదువుకొనుచుంటిని. ఆమె నా యెదుటనే నడచిపోయెడిది. నేను తల యెత్తి "అక్కా, పింఛను అందినదా?" అని అడిగినవాడను కాను. ఒడ్డు దాటినవాడు వెనుకకు తిరిగి చూడకపోవుటయు ఈ అంతరములో ఒక భాగమే యని నాకు ఆనాడు తెలిసినది.

ఇక లెక్కలు కొన్ని చెప్పెదను. 2017-18లో కేంద్ర ప్రభుత్వమువారు జరిపిన జాతీయ నమూనా సర్వేనుబట్టి, దేశములోని గ్రామీణ కుటుంబములలో కంప్యూటరు గలవి నూటికి 4.4, పట్టణములలో 23.4. ఇంటర్నెట్టు సదుపాయము గలవి గ్రామములలో నూటికి 14.9, పట్టణములలో 42. ఆ తరువాత చౌకఫోనులు పల్లెలకు వచ్చి, ఈ లెక్క చాల మాఱినది. కాని యింటిలో ఫోను ఉండుట వేఱు, అది ఎవరి చేతిలో ఉన్నదనుట వేఱు. 2019-20లో మన రెండు రాష్ట్రములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న వేసిరి: మీరు ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడితిరా? 15 మొదలు 49 ఏండ్లలోపు వారిలో, తెలంగాణలో పురుషులు నూటికి 57.4 మంది అవుననిరి; స్త్రీలు 26.5 మంది మాత్రమే అవుననిరి. ఆంధ్రప్రదేశములో పురుషులు 48.8, స్త్రీలు 21. ఏరు పట్టణమునకును పల్లెకును నడుమ మాత్రమే పాఱుటలేదు. ఒకే యింటి నడుమను పాఱుచున్నది.

పెద్దలు ఒక సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. 1960 ప్రాంతమున మా యూరిలో రేడియో కొనగలిగిన యిల్లు ఒకటియో రెండో ఉండెను. ప్రతి యింటికి రేడియో వచ్చువఱకు వేచియుండుడని ఎవరును మాకు చెప్పలేదు. పంచాయతీలో ఒక రేడియో పెట్టించిరి. దానిని తెఱచుటకు, మూయుటకు ఒక మనిషిని నిలిపిరి. సాయంకాలము ఊరంతయు వచ్చి వినెడిది. రేడియో చెడిపోయిన నాడు దండోరా ఉండనే ఉండెను. సాధనము, దానిని నడుపు మనిషి, అది చెడినపుడు వేఱొక దారి - ఈ మూడును ఉన్నందుననే రేడియో ఊరిది ఆయెను. ఇప్పుడు ప్రభుత్వముల పనులను ఈ మూడు ప్రశ్నలతోనే పరీక్షింతము.

మొదటిది, కార్యాలయముల పనిని కంప్యూటరులోనికి తెచ్చుట. 1998 నవంబరులో రిజిస్ట్రేషను కార్యాలయములలో 'కార్డ్' అను పద్ధతి ప్రవేశించెను. దస్తావేజులను చేతితో నకలు తీయుటకు దినములు పట్టు కాలము పోయి, ఈసీ వంటివి కొలది నిమిషములలో చేతికి వచ్చు కాలము వచ్చెను. ఇది గొప్ప మేలు. అయితే తరువాత దానిని పరిశీలించిన పండితులు, యంత్రము వచ్చినను జనము దస్తావేజు లేఖరుల మీద ఆధారపడుట పోలేదనియు, చేయితడుపుట నిలువలేదనియు వ్రాసిరి. యంత్రము పనిని త్వరపఱచెను. తెలియనివాని భయమును మాత్రము తీర్చలేదు.

1999 డిసెంబరులో జంటనగరములలో ప్రయోగముగా మొదలై, 2001 ఆగస్టులో 'ఈ-సేవ' అను పేరుతో విస్తరించిన కేంద్రములలో కరెంటు బిల్లు, నీటి బిల్లు, పన్నులు ఒకే కిటికీయొద్ద చెల్లించు వీలు కలిగెను. 2011 నవంబరు 4వ తేదీన చిత్తూరు జిల్లాలో మొదలైన 'మీ సేవ' దానిని పల్లెలవైపునకు నడిపించెను. కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, పహాణీ నకలు కొఱకు కచేరీ చుట్టును తిరుగుట తగ్గెను. ఇందు మనము గమనింపవలసినది, మీ సేవలో యంత్రము ప్రక్కను ఒక మనిషి కూర్చుండుటయే. అక్షరము రాని రైతు తన నోటితో చెప్పగా ఆ కుఱ్ఱవాడు మీటలు నొక్కును. పల్లెవారు దీనిని ఆదరించుటకు కారణము అదియే.

భూముల విషయములో మఱియొక పాఠము కలదు. తెలంగాణలో 2020 అక్టోబరు 29న 'ధరణి' ప్రారంభమైనది. రిజిస్ట్రేషనును, పేరు మార్పిడిని ఒకే చోట, ఒకే పూటలో చేయుట దాని ఉద్దేశము. అయితే ఆనాటి చట్టము రెవెన్యూ న్యాయస్థానములను తొలగించినది. కావున కంప్యూటరులో పడిన తప్పును దిద్దించుకొనుటకు పైయధికారికి మొఱపెట్టుకొను పూర్వపు దారి మూతపడెను. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున 'భూభారతి' వచ్చి, అప్పీలు మార్గమును మరల కల్పించినది. యంత్రములో వ్రాసినది తప్పు కావచ్చును; దానిని దిద్దు మనిషి, దిద్దు దారి చట్టములోనే ఉండవలయునని ఇందువలన తెలియుచున్నది.

రెండవది, తీగ. ప్రతి పంచాయతీకి ఇంటర్నెట్టు తీగ చేర్పవలయునని కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో తీర్మానించెను. తరువాత దానికి 'భారత్‌నెట్' అను పేరు వచ్చినది. భూమిలో గాజుపోగు తీగను పాతుచు ఇప్పటికి రెండు లక్షలకు పైగా పంచాయతీలకు చేర్చిరి. ఆంధ్రప్రదేశమువారు మట్టి త్రవ్వుటకు బదులు కరెంటు స్తంభముల మీదుగా తీగను లాగి త్వరపడిరి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ప్రారంభించిన ఆ పథకములో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును ఇచ్చుటకు ఏర్పాటు జరిగెను. తెలంగాణలో మిషన్ భగీరథ నీటిగొట్టముల కొఱకు త్రవ్విన కందకములలోనే తీగను పఱచిరి. ఒకే త్రవ్వకముతో నీరును తీగయు పల్లెకు పోవుట మంచి ఆలోచన.

కాని తీగ పంచాయతీ గడపవఱకు వచ్చి నిలిచినంతమాత్రమున పని ముగియదు. అక్కడినుండి బడికి, ఆరోగ్య కేంద్రమునకు, అంగన్‌వాడీకి కొమ్మలు పోవలయును. పెట్టె చెడినపుడు బాగుచేయు మనిషి అందుబాటులో ఉండవలయును. చెఱువు నిండినను తూము తెఱువనిదే మడి తడియదు గదా!

మూడవది, చదువు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయ గ్రామసీమలలో ట్రిపుల్‌ఐటీలను నెలకొల్పి, పదవ తరగతి ముగించిన పల్లె బిడ్డలను చేర్చుకొనిరి. ప్రభుత్వపు బడులలో చదివినవారికి గ్రేడు పాయింట్లకు 0.4 అదనముగా కలిపిరి; లాప్‌టాప్ కంప్యూటరులను చేతికి ఇచ్చిరి. నా శిష్యులు కొందఱు ఆ దారిని నడచి నేడు మాదాపురపు మేడలలో పనిచేయుచున్నారు. గొప్ప ఫలమునిచ్చిన పనులలో ఇది ఒకటి యని నా నమ్మకము.

కరోనా కాలములో బడులు మూతపడగా, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1నుండి పాఠములను దూరదర్శన్ యాదగిరిలోను, టీ-శాట్ లోను ప్రసారము చేసిరి. ప్రతి యింట స్మార్టుఫోను లేదు. టెలివిజను మాత్రము చాల యిండ్లలో కలదు. జనము చేతిలో ఉన్న సాధనముతోనే పని నడిపించుట వివేకము. అయినను బిడ్డ ప్రశ్న అడిగిన టెలివిజను బదులు చెప్పదు. ఆ లోటును ఊరి ఉపాధ్యాయులు ఇల్లిల్లు తిరిగి కొంత పూరించిరి.

పెద్దవారికి ఫోను, కంప్యూటరు నేర్పుటకు 2017లో కేంద్ర ప్రభుత్వము గ్రామీణ డిజిటలు సాక్షరతా పథకమును మొదలుపెట్టెను. ప్రతి కుటుంబమునుండి ఒకరికి 20 గంటల శిక్షణ. లక్ష్యము 6 కోట్లమంది. 2024 మార్చి 31న పథకము ముగియునాటికి 6.39 కోట్లమందికి నేర్పిరి. లెక్కకు ఇది ఘనమైన పని. అయితే దాని వయోపరిమితి 14 మొదలు 60 ఏండ్లు. పింఛను తీసికొను వయస్సువారికి, అనగా యంత్రము ఎదుట నిలువక తప్పనివారికి, ఆ బడిలో చోటు లేకపోయెను.

కేరళమువారు వేఱు విధముగా చేసిరి. తిరువనంతపురము జిల్లాలోని పుల్లంపార అను పంచాయతీ 2022లో తన జనులందఱికిని ఫోను వాడుక నేర్పి, పూర్ణ డిజిటలు సాక్షరత సాధించినదని పేరుపొందెను. ఆ మేల్బంతిని చూచి రాష్ట్రమంతట ఇల్లిల్లు తిరిగి, తెలియనివారు 21 లక్షలకు పైగా ఉన్నారని గుర్తించి, విద్యార్థులచేతను, మహిళా సంఘములచేతను నేర్పించిరి. వయస్సునకు పైహద్దు పెట్టలేదు. 2025 ఆగస్టు 21న రాష్ట్రము పూర్ణ డిజిటలు సాక్షరత సాధించినదని ప్రకటించిరి. ఒక్క పంచాయతీ మొదలుపెట్టినది రాష్ట్రమునకు దారి యాయెనని మీరు గమనింపవలయును.

ముసలివారికి, చదువురానివారికి యంత్రము అలవడదని కొందఱందురు. అది నిజము కాదు. జహీరాబాదు సమీపమున మాచునూరు అను పల్లె కలదు. అక్కడ దళిత స్త్రీల సంఘమువారు 2008 అక్టోబరు 15నుండి తమ సొంత రేడియో కేంద్రమును నడిపిరి. అది 'సంగం రేడియో'. మన దేశములో గ్రామీణ స్త్రీలు నడిపిన సముదాయ రేడియోలలో మొదటిది. సేద్యము, విత్తనములు, పాటలు, పండుగలు తమ మాటలోనే రికార్డు చేసి, తామే మీటలు త్రిప్పి వినిపించిరి. పెద్ద చదువు లేకపోవుట వారికి అడ్డు కాలేదు. పని తమదైనందున యంత్రము తమదాయెను.

ఇక నాలుగవది, నా దృష్టిలో ముఖ్యమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఉపాధి హామీ కూలిని, పింఛనులను వ్రేలిముద్ర కార్డుమీద చెల్లించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. అర్థశాస్త్రజ్ఞులు 2010 మొదలు 2012 వఱకు 8 జిల్లాలలో 157 మండలములలో దానిని పరీక్షించిరి. ఆ మండలముల జనాభా సుమారు 1 కోటి 90 లక్షలు. కూలి త్వరగా అందెను, నడుమ జాఱిపోవు సొమ్ము తగ్గెను, కూలీలకు మిగిలిన కాలము విలువయే ఆ పద్ధతి ఖర్చునకు సరిపోయెనని వారు తేల్చిరి. ఎవరికిని పని దొరకుట తగ్గలేదు. ఇట్లేల జరిగినది? పైకము పంచువారు ఆ యూరివారే. మహిళా సంఘములలోని స్త్రీలకు అందులో ప్రాధాన్యమిచ్చిరి. కార్డు లేనివారికి పూర్వపు పద్ధతినే పైకము చెల్లించుచు వచ్చిరి. తలుపు మూయక మఱియొక తలుపు తెఱచిరి. తరువాత అదే పండితులు ఝార్ఖండులో రేషను విషయమును పరిశీలించిరి. అక్కడ ఆధారు తప్పనిసరి చేయగా, అంతకుముందు ఆధారు జతపఱచుకొననివారు తమ బియ్యములో కొంత కోలుపోయిరని వ్రాసిరి. యంత్రము ఇంచుమించు ఒకటే, నియమము వేఱు.

న్యాయస్థానములును ఇదే మార్గము చూపినవి. 2018 సెప్టెంబరు 26న సర్వోన్నత న్యాయస్థానము ఆధారు తీర్పులో, ముద్ర సరిపోలలేదను కారణముచేత అర్హులైనవారికి ప్రయోజనము నిరాకరింపరాదను మాటను నమోదు చేసినది. 2025 ఏప్రిల్ 30న అదే న్యాయస్థానము, చూపు లేనివారును ముఖము కాలినవారును దాఖలు చేసిన వ్యాజ్యములలో, డిజిటలు సేవలను అందుకొనుట జీవించు హక్కులో భాగమే యని చెప్పినది. ఫోను ఎదుట కన్ను ఆర్పి చూపుమను యంత్రమునకు కన్ను ఆర్పలేనివాడును మనిషియే యని గుర్తుచేసినది.

ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఏర్పడినపుడు ఒక్కొక్కదానిలో ఒక డిజిటలు సహాయకుని నియమించిరి. 2025 జనవరి 30న 161 సేవలను వాట్సాప్ ద్వారా పొందు 'మన మిత్ర' మొదలైనది. ఫోను వాడుక తెలిసినవారికి ఇది మిక్కిలి సుళువు. తెలియనివారికి ఆ సహాయకుడే దిక్కు. ఫోనులో సేవ వచ్చినదిగదా యని అట్టి మనిషిని తీసివేయు రోజు రాకూడదు. ఫోను పెరిగినకొలది ఆ మనిషి అక్కఱ ముసలివారికి తగ్గదు, పెరుగును.

ఇంతవఱకు ప్రభుత్వము మాట. ఇక మన మాట. ఊరిలో చదువను వ్రాయను నేర్చిన పెద్దలు మీరు. మీరు చేయదగిన పనులు కొన్ని కలవు.

గ్రామసభలో ఒక తీర్మానము చేయింపుడు. పింఛను, రేషను మున్నగువానికి వ్రేలిముద్ర పడనిచో ఏమి చేయవలయునో పెద్ద అక్షరములతో వ్రాయించి పంచాయతీ గోడకు అంటింపుడు. ముద్ర పడక తిరిగిపోయినవారి పేర్లు వ్రాయుటకు ఒక పుస్తకమును పెట్టింపుడు. పుస్తకములో పేరు పడినచో అడుగు హక్కు పుట్టును. పడనిచో ఆ మనిషి రాలేదనియే లెక్క.

మీ సేవ కేంద్రములో ఏ పనికి ఎంత రుసుమో పట్టిక వ్రేలాడుచున్నదా యని చూడుడు. పైకమిచ్చినపుడు రసీదు అడుగుడు. రసీదు అడుగుట అవమానము కాదు.

బడి విడిచిన పిదప సాయంకాలము ఒక గంట పంచాయతీ గదిలో స్త్రీలకు ఫోను నేర్పు ఏర్పాటు చేయుడు. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలే నేర్పగలరు. మా యూరిలో నాకు నేర్పినది నా మనుమరాలి యీడు పిల్లయే. ఇంటిలో ఒకే ఫోను ఉన్నచో కొమారుని చేతికే గాక కొమార్తె చేతికిని ఈయుడు. పిల్ల చెడిపోవునను భయమున్నచో ఇద్దఱికిని ఒకే నియమము పెట్టుడు.

మోసగాండ్ర మాట మఱవకుడు. ఫోనుకు వచ్చిన ఓటీపీ సంఖ్యను ఎవరు అడిగినను చెప్పకుడు, బ్యాంకువారమనినను చెప్పకుడు. పోలీసులమని ఫోనులో బెదరించి, 'డిజిటల్ అరెస్టు' చేసితిమనువారిని నమ్మకుడు. అట్టి అరెస్టు చట్టములో లేదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. ఆలస్యమైనకొలది సొమ్ము చేయిదాటిపోవును.

మాదాపురములో నా కుమారుని కచేరీ కిటికీనుండి చూచిన, గాజుమేడలు వరుసగా కానవచ్చును. ఆ గాజుమీద ఎండ పడినపుడు నాకు మా యక్క బొటనవ్రేలు తలపునకు వచ్చును. ఆ మేడలవలన కలిగిన మేలు ఆమెకును అందవలయుననుట దయ కాదు; అది ఆమెకు రావలసిన బాకీ. ఆ బాకీ తీఱుటకు గొప్ప విజ్ఞానము అక్కఱలేదు. యంత్రము ప్రక్కను ఓర్పుగల యొక మనిషి, యంత్రము కాదన్న నాడు తెఱచియుండు మఱియొక తలుపు ఉండిన చాలును.

మా యూరిలో ఇప్పుడు పింఛను దినమున ఇద్దఱు పదవ తరగతి పిల్లలతో కలసి నేను పంచాయతీయొద్ద కూర్చుండుచున్నాను. ఊరిలో లేని నెలలలో ఆ పిల్లలే పుస్తకము వ్రాయుదురు. మా యక్క అక్కడనే గోడవారగా కూర్చుండి, ముద్ర పడనివారిని పిలిచి, "ఈడికి రా, పేరు రాయించుకో" అనుచుండును. ఆమెకు అక్షరము రాదు. ఆ పుస్తకములో ఏ పుటలో ఎవరి పేరున్నదో మాత్రము ఆమెకు తెలియును.

వచ్చు పింఛను దినమున మీరును మీ పంచాయతీయొద్దకు పోయి ఒక గంట కూర్చుండుడు. వట్టి చేతులతో తిరిగిపోవువారు ఎవరో చూడుడు. వారిని పేరు పెట్టి పిలిచి, ఏమైనదని అడుగుడు. నేను అడుగవలసిన నాడు అడుగక ఆలస్యము చేసినవాడను గనుక మీతో ఈ మాట చెప్పుచున్నాను.